మాఫియా డాన్ల ఇళ్లలో బైబిళ్లు ఎందుకుంటాయి?

కృష్ణలంక కుర్రోడు | రాత్రి 9:50

నిన్న నిద్ర పట్టక ఇటలీ మాఫియా గురించి చదువుతూ కూర్చున్నా. బెర్నార్దో ప్రొవెంజానో అని సిసిలీలో కోర్లియోనే ఊరివాడు. 1963 నుంచి పరారీలో ఉండి 2006 ఏప్రిల్ 11న దొరికాడు. అంటే 43 ఏళ్లు. ఏ దుబాయ్‌లోనో దొరికి ఉంటాడనుకున్నా, తీరా చూస్తే సొంత ఊరి పొలిమేరలో, పశువుల కాపరి కొట్టంలో. ఇంటి నుంచి ఉతికిన బట్టల మూట చేతులు మారుతూ వెళ్తుంటే దాని వెనకాలే వెళ్లి పట్టుకున్నారట.

నన్ను ఆపింది అది కాదు. ఆ కొట్టంలో టైప్‌రైటర్లు, గీతలు గీసుకుని చదివిన బైబిలు, పునీతుల (సెయింట్ల) పటాలు దొరికాయి. ఆ గీతలు ఏదన్నా కోడేమోనని పోలీసులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఈయన ఫోన్ వాడడు. ఆర్డర్లన్నీ చిన్న చిన్న కాగితం ముక్కల మీద టైపు చేసి, మడిచి, టేపు అంటించి పంపేవాడు. వాటిని పిజ్జీనీ అంటారు. ఎవరి దగ్గర ఎంత వసూలు చెయ్యాలో రాసి, చివర్లో 'ప్రభువు మిమ్మల్ని దీవించి కాపాడుగాక' అని ముగింపు. అక్షరదోషాలతో సహా.

ఇది వేషమా, నిజంగానే భక్తా? తెలిసినవాళ్లు చెప్పండి.

నాస్తికుడు నంబర్ 1 | రాత్రి 9:58

వేషమే బ్రదర్, దీనికి నిద్ర పాడుచేసుకోవడం ఎందుకు? చంపడం, వెళ్లి ఫాదర్ చెవిలో చెప్పుకోవడం, మళ్లీ ఫ్రెష్‌గా మొదలెట్టడం. వాషింగ్ మెషీన్ ఫ్రీగా ఇస్తే ఎవడొద్దంటాడు? మన దగ్గర జనాన్ని ముంచినవాడు హుండీలో బంగారం వెయ్యట్లేదా, ఇదీ అంతే.

పాత పేపర్ల కట్ట | రాత్రి 10:31

వేషం అంటే ఎదురుగా చూసేవాడు ఉండాలి కదా సార్. ఎవరూ చూడనిచోట వేషం దేనికి?

వీళ్లలో కొత్తవాణ్ని చేర్చుకునే తంతు ఎలా ఉంటుందో 1984లో తొమ్మాజో బుషెత్తా అనేవాడు జడ్జి జొవాన్నీ ఫాల్కోనేకి పూసగుచ్చినట్టు చెప్పాడు. తలుపులేసిన గదిలో నలుగురైదుగురు. కొత్తవాడి వేలిని సూదితోనో ముల్లుతోనో గుచ్చుతారు. రక్తం చుక్క ఒక పటం మీద పడాలి. చీట్ల పేకలో ముక్కంత ఉంటుంది చూడండి, చర్చి దగ్గర పంచే పటం, అది. చాలాచోట్ల మరియమాతకి దేవదూత కబురు చెప్పే మంగళవార్త పటం వాడతారు. దాన్ని వెలిగించి వాడి దోసిట్లో పెడతారు. కాలుతున్నంతసేపూ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ, నేను ద్రోహం చేస్తే నా ఒళ్లు ఈ పటంలాగే కాలిపోవాలి అని ప్రమాణం చెయ్యాలి.

ఇది బయటివాడికి చూపించడానికి చేసేది కాదు. బయట చెబితే చావే. మరి ఎవరి కోసం చేస్తున్నట్టు? నాకు తోచిందేమంటే, ఆ కుర్రాడికి దేవుడంటే అప్పటికే భయం ఉంది, చిన్నప్పటి నుంచి వాళ్లమ్మ నేర్పిన భయం. వీళ్లు ఆ భయాన్ని అమ్మ దగ్గర్నుంచి తీసుకుని సంస్థ పేరు మీద రాయించుకుంటున్నారు. కొత్త భయం తయారుచెయ్యాలంటే ఏళ్లు పడుతుంది. ఉన్నది వాడుకోవడం తేలిక.

ఫిరంగిపురం అమ్మాయి | రాత్రి 10:47

నేను క్యాథలిక్‌నే, ఆరేళ్లుగా ఇటలీలో నర్సు పని. ఆ పటం కాల్చే ముక్క చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా అమ్మమ్మ నలిగిపోయిన పటాన్ని కూడా పారెయ్యదు. ప్రార్థనల పుస్తకంలో పెడుతుంది. ఆ పుస్తకం ఇప్పుడు మూత పడదు, రబ్బరు బ్యాండ్ వేసుంచాం. అలాంటి ఇంట్లో పెరిగినవాడి చేత అదే పటాన్ని తగలబెట్టిస్తున్నారంటే అది భక్తి కాదు, భక్తి మెడ విరిచెయ్యడం.

నాస్తికుడుగారూ, వాషింగ్ మెషీన్ అన్నారు. పాపసంకీర్తనం గురించి మీకు సినిమాలు చెప్పిందే తెలుసు. మళ్లీ చెయ్యనన్న గట్టి నిర్ణయం లేకపోతే ఫాదర్ పాపవిమోచనం ఇవ్వకూడదు, దొంగిలించింది తిరిగి ఇవ్వాలి. చిన్నప్పుడు సండే క్లాసులో మొదట నేర్పేదే అది.

నాస్తికుడు నంబర్ 1 | రాత్రి 10:52

అక్కా మిమ్మల్ని నొప్పించాలని కాదు, సారీ. రూలు అదే అయ్యుండొచ్చు. నలభై ఏళ్లలో ఎంతమంది డాన్లకి ఫాదర్లు 'విమోచనం ఇవ్వను, లేచి వెళ్లు' అన్నారు? రూలు పుస్తకంలో ఉంటే చాలా?

కోర్టు పక్షి | రాత్రి 11:15

నేను వృత్తిరీత్యా క్రిమినల్ లాయర్ని, కాబట్టి నా గోల నాది. ఈ సబ్జెక్టులో నాకు బాగా నచ్చే మాట ఒకటుంది: పెంతీతో. మాఫియా నుంచి బయటికొచ్చి కోర్టులో నోరు విప్పినవాణ్ని ఇటలీ జనం అలా పిలుస్తారు. మన భాషలో అప్రూవర్ అనుకోండి. కానీ ఆ మాటకు అసలు అర్థం పశ్చాత్తాపపడినవాడు. చర్చి మాట, కోర్టులో తిరుగుతోంది. బుషెత్తా అలాంటివాడే. ఇలాంటివాళ్లు చెప్పినదాన్ని ఆధారం చేసుకునే సిసిలీ రాజధాని పలెర్మోలో పెద్ద విచారణ నడిచింది. 1986 ఫిబ్రవరిలో మొదలై 1987 డిసెంబర్ దాకా, 475 మంది నిందితులతో. జైలు పక్కనే బాంబులకు తట్టుకునే కోర్టు హాలు కట్టి మరీ నడిపారు.

ఇప్పుడు చిక్కు చూడండి. పియెత్రో అల్యేరి అని ఒక పెద్ద తలకాయ 1997లో దొరికాడు. దాక్కున్నచోట చిన్న ప్రార్థన మందిరమే పెట్టుకున్నాడు. ఫాదర్ మారియో ఫ్రిత్తిత్తా అనే కార్మెల్ సన్యాసుల సభ గురువు అక్కడికెళ్లి పూజ చేసి, సంకీర్తనం విని వచ్చేవాడు. పోలీసులు ఫాదర్‌నీ అరెస్టు చేశారు. కింది కోర్టు శిక్ష వేసింది, పై కోర్టు కొట్టేసింది, ఆయన చేసింది గురువుగా తన పని అని. అల్యేరి జైల్లో వేదాంతం చదువుకున్నాడు. కానీ పోలీసులకు ఒక్క పేరూ చెప్పలేదు. అంటే దేవుడి ముందు పశ్చాత్తాపం ఓకే, జడ్జి ముందు మాత్రం కుదరదు. దేవుడికి చెబితే ఎవరూ జైలుకెళ్లరు కదా. క్లయింట్లలో ఇలాంటివాళ్లను నేనూ చూశా. పొద్దున్నే గుడికెళ్లి నుదుట బొట్టుతో వస్తారు, సాక్షుల లిస్టు అడుగుతారు.

కృష్ణలంక కుర్రోడు | రాత్రి 11:19

ఆ చివరి లైను 😳

పలెర్మో రిటర్న్ | రాత్రి 11:40

రెండేళ్లు అక్కడ చదువుకుని వచ్చా. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వస్తుంటే కపాచీ దగ్గర హైవే పక్కన ఎర్ర స్తంభాలు ఉంటాయి. 1992 మే 23న ఫాల్కోనేని, ఆయన భార్యని, ముగ్గురు ఎస్కార్టు పోలీసులని రోడ్డు కింద బాంబు పెట్టి లేపేసింది అక్కడే. కొండ మీద చిన్న తెల్ల గది, దాని మీద పెద్ద నీలం అక్షరాల్లో మాఫియా వద్దు అని రాసుంటుంది. మొదటిరోజు బస్సులో నిద్రమత్తులో చూసి ఏదో అడ్వర్టైజ్‌మెంట్ అనుకున్నా.

ఆ ఐదుగురి అంత్యక్రియలు శాన్ దొమెనికో చర్చిలో జరిగాయి. చనిపోయిన పోలీసుల్లో వీతో స్కిఫానీ ఒకడు. అతని భార్య రొజారియాకి అప్పుడు 22 ఏళ్లు, చంటిబిడ్డ తల్లి. మైకు దగ్గర ఒక కాగితం చదవమన్నారు. పక్కన ఫాదర్ నిలబడి ఉన్నాడు. వీడియో ఇప్పటికీ దొరుకుతుంది. మాఫియా వాళ్లు ఇక్కడ లోపల కూడా ఉన్నారు, మీకూ క్షమాపణ ఉంది, నేను క్షమిస్తున్నాను, కానీ మీరు మోకాళ్ల మీద కూర్చోవాలి, మారాలనే ధైర్యం ఉంటే... అని చదువుతూ, ఆ కాగితంలో లేని మాట తనే అనేసింది: 'కానీ వాళ్లు మారరు'. ఫాదర్ మెల్లగా కాగితం వైపు వేలు చూపిస్తాడు. ఆవిడ మళ్లీ కాగితంలోకి వస్తుంది, మళ్లీ పక్కకి పోతుంది.

లాయర్‌గారు చెప్పిందంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది. కాగితం క్షమించమంటోంది, నోరు మాత్రం వాళ్లు మారరు అంటోంది.

ఫిరంగిపురం అమ్మాయి | రాత్రి 11:44

ఆ వీడియో నేనూ చూశాను. రెండోసారి చూడలేకపోయాను.

పాత పేపర్ల కట్ట | రాత్రి 12:20

శ్రీసభ (క్యాథలిక్ చర్చి) పెద్దల సంగతి కూడా చెప్పుకోవాలి కదా, లేకపోతే కథ సగమే.

1963 జూన్ 30న పలెర్మో దగ్గర చాకుల్లీలో కారు బాంబు పేలి ఏడుగురు పోలీసులూ సైనికులూ పోయారు. వాటికన్ నుంచి పలెర్మో కార్డినల్ ఎర్నెస్తో రుఫ్ఫీనికి ఉత్తరం వచ్చింది, మీరేమన్నా మాట్లాడొచ్చు కదా అని. ఆయన జవాబు సారాంశం: మాఫియాకీ మతానికీ సంబంధం ఉందనడం వామపక్షాల వాళ్లు పుట్టించిన మాట. 1964లో సిసిలీ అసలు రూపం పేరుతో విశ్వాసులకు ఒక లేఖ రాశాడు. సిసిలీ పరువు తీస్తున్నవాటిలో మాఫియా గురించిన రాద్ధాంతాన్ని ఒకటిగా లెక్కేశాడు. ఆ రోజుల్లో ఎర్రజెండా అంటే ఉన్న భయంలో తుపాకి అంటే భయం మునిగిపోయింది. ఓట్లన్నీ క్రిస్టియన్ డెమోక్రాట్ల పార్టీకి, ఊళ్లలో ఆ ఓట్లు పోగేసిపెట్టేది ఎవరో అందరికీ తెలుసు.

తర్వాత వచ్చిన కార్డినల్ పప్పలార్దో వేరే రకం. 1982 సెప్టెంబర్ 3న, మాఫియా పని పట్టమని ప్రభుత్వం పలెర్మోకి పంపిన జనరల్ దల్లా కియేజాని నడిరోడ్డు మీద కాల్చేశారు. మర్నాడు అంత్యక్రియల్లో మంత్రులంతా ముందు వరసలో కూర్చుని ఉండగా ఈయన లాటిన్ సామెత ఎత్తుకున్నాడు: రోమ్ చర్చలు జరుపుతూ కూర్చుంటే దాన్ని నమ్ముకున్న సగుంతుం నగరం శత్రువుల పాలైందని. మంత్రుల మొహాలు మాడిపోయాయి. మరుసటి ఏడాది ఈస్టర్ ముందు ఉచ్చార్దోనే జైలుకు పూజ చెయ్యడానికి వెళ్తే ఖైదీలు గదుల్లోంచి బయటికే రాలేదు. ఖాళీ ప్రార్థన మందిరం.

ఇదే కథ 2014లో ఇంకోచోట. ఆ ఏడాది జూన్ 21న పోప్ ఫ్రాన్సిస్ దక్షిణ ఇటలీలోని కలాబ్రియా వచ్చి, మాఫియా వాళ్లు దేవుడితో లేరు, వాళ్లు వెలివేయబడ్డారు అని పూజలోనే ప్రకటించాడు. కొన్నాళ్లకే లారీనో జైల్లో మాఫియా ఖైదీలు పూజకు రావడం మానేశారని వార్తలొచ్చాయి. వెలివేశాక ఇంక పూజకెందుకు అన్నది వాళ్ల లెక్క.

కుర్రోడూ, మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇది పనికొస్తుందేమో చూడు. ఉత్త వేషమే అయితే పోప్ ఏమంటే వాళ్లకేం పోయింది?

నాస్తికుడు నంబర్ 1 | రాత్రి 12:26

పరువు పోయింది. అంతే. ఊరి పెద్దమనిషిని పెళ్లి భోజనంలో రెండో బంతిలో కూర్చోమంటే అలుగుతాడు చూడండి, అది. దానికి దేవుడి మీద నమ్మకం అక్కర్లేదు.

పాత పేపర్ల కట్ట | రాత్రి 12:29

😀 రెండో బంతి బాగుంది. ఒప్పుకుంటా, సగం.

ఫిరంగిపురం అమ్మాయి | ఉదయం 6:10

నైట్ డ్యూటీ అయ్యింది. రెండో బంతి అన్న మాట దగ్గరే నేనూ ఆగాను, ఎందుకంటే అసలు గొడవంతా ఆ పీట దగ్గరే ఉంది అనిపిస్తుంది.

కలాబ్రియాలో మన తెలుగు ఫాదర్‌గారు ఒకరు కొన్నాళ్లు పనిచేశారు. ఆయన చెప్పేవారు, అక్కడికెళ్లిన మొదటి ఏడాది పండగకి ఊరేగింపు దారి ఏదని అడిగితే, అది మీరు చూసుకునే విషయం కాదు ఫాదర్, కమిటీ చూసుకుంటుంది అన్నారట. ముందు భుజం ఎవరిది, వెనక భుజం ఎవరిది, ఏ ఇంటి ముందు ఆగాలి, అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. మన గుణదల తిరునాళ్లలో జనం కొండెక్కడం చూసి పెరిగినదాన్ని, నాకు మొదట అర్థం కాలేదు. మేరీమాత ఒక ఇంటి ముందు ఆగితే ఏమవుతుంది?

2014 జూలై 2న ఒప్పీదో మమెర్తీనా ఊళ్లో ఏమైందో చూశాక అర్థమైంది. మరియమాత స్వరూపాన్ని భుజాల మీద మోస్తున్న మగవాళ్లు ఒక మలుపు దగ్గర ఆగారు. ఓ అర నిమిషం. ఎదురుగా ఉన్నది 82 ఏళ్ల డాన్ ఇల్లు. యావజ్జీవ శిక్ష పడ్డవాడు, ఆరోగ్యం బాగోక ఇంట్లోనే నిర్బంధంలో ఉన్నాడు. దీన్ని వాళ్లు ఇంకీనో అంటారు, అంటే వంగి దణ్ణం పెట్టడం. అమ్మవారు వాడికి దణ్ణం పెడుతోందన్నమాట. ఊరేగింపులో పక్కనే నడుస్తున్న పోలీసు అధికారి అది చూసి ఊరేగింపులోంచి బయటికొచ్చేసి వీడియో తీసుకున్నాడు. ఫాదర్లు మాత్రం నడుస్తూనే ఉన్నారు.

నాకు బాధ కలిగేది అక్కడే. యూనిఫాంలో ఉన్నాయన పక్కకి తప్పుకున్నాడు, అంగీల్లో ఉన్నవాళ్లు తప్పుకోలేదు. తర్వాత బిషప్‌గారు మేత్రాసనంలో (తన కింద ఉన్న చర్చిలన్నిట్లో) ఊరేగింపులన్నీ ఆపేశారు, ఒప్పుకుంటాను. కానీ ఆ అర నిమిషం పోదు.

కృష్ణలంక కుర్రోడు | ఉదయం 7:35

అక్కా, మోసేవాళ్లు భయపడి ఆగారా, గౌరవంతో ఆగారా?

ఫిరంగిపురం అమ్మాయి | ఉదయం 7:41

అలసిపోతే భుజం మార్చుకోడానికి ఆగే చోటే అది, ఎప్పటి నుంచో ఆగుతున్నాం అని కొందరన్నారు. అందులో అబద్ధం లేకపోవచ్చు కూడా. ఎప్పటి నుంచో ఆగుతున్నారు, నిజమే.

పలెర్మో రిటర్న్ | ఉదయం 8:15

కలాబ్రియా మాఫియా పేరు న్ద్రాంగెతా. పలకడం నాకు ఏడాది పట్టింది. వీళ్లు సిసిలీవాళ్ల కన్నా ఇంకా భక్తులు. వాళ్లలో ఒక పెద్ద హోదా పేరే సాంతా, అంటే పరిశుద్ధం. అతిదూత పునీత మిఖాయేల్ వాళ్ల కులదైవంలాగా. ఇటలీ పోలీసుల పాలకపునీతుడు కూడా ఆ మిఖాయేలే, 1949 నుంచి. పట్టుకునేవాడూ దొరికేవాడూ ఒకే పటానికి దణ్ణం పెట్టుకుని బయల్దేరతారు.

అస్ప్రోమొంతే కొండల్లో సాన్ లూకా ఊరి దగ్గర పోల్సీ అనే లోయలో మరియమాత పుణ్యక్షేత్రం ఉంది. సెప్టెంబర్ మొదట్లో తిరునాళ్లు. వేలమంది భక్తులు నడిచి వస్తారు, మేకమాంసం వండుకు తింటారు, అకార్డియన్ వాయిస్తారు. ఆ రద్దీలోనే డాన్లు మీటింగ్ పెట్టుకునేవాళ్లు. 2009లో పోలీసులు దాచిన కెమెరాతో తీశారు. స్వరూపం దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్న గుంపు మధ్యలో దొమెనికో ఒప్పెదిజానో, ఎనభైకి దగ్గరపడ్డ ముసలాయన. మన ఊళ్లలో ఆపే ఆటో అంటాం కదా, ఆ బండిలోనే కూరగాయలు వేసుకుని అమ్మేవాడు. ఆ సంస్థ మొత్తానికి ఆయన్ని పెద్దగా ఎన్నుకున్నారని తేలింది. 2010 జూలైలో ఒకే రోజు 300 మంది దాకా అరెస్టు.

కోర్టు పక్షి | ఉదయం 9:02

ఆపే అంటే ఇటాలియన్‌లో తేనెటీగ. ఇంతకాలం ఎక్కి తిరిగినా నాకు తెలీదు, మొన్నెవరో చెబితే తెలిసింది.

సరే, పాయింట్‌కి. పోప్ వెలివేశాడు అన్నారు కదా, నా వృత్తిదోషం ఊరుకోదు. శ్రీసభ చట్టంలో మాఫియా సభ్యత్వానికి వెలి అని ప్రత్యేకంగా సెక్షన్ లేదు. మైకులో అన్నమాట చట్టం కాదు. అందుకే 2021లో వాటికన్‌లో దీని మీద ఒక బృందాన్ని పెట్టారు. ఇటలీ ప్రభుత్వానికే మాఫియా సభ్యత్వం దానంతటదే నేరం అని రాసుకోడానికి 1982 దాకా పట్టింది, 416 బిస్ సెక్షన్. అది కూడా దాన్ని ప్రతిపాదించిన ఎంపీ పియో లా తోర్రేని ఏప్రిల్‌లో చంపి, సెప్టెంబర్‌లో జనరల్‌ని చంపాక, పది రోజుల్లో పాసైంది. చర్చి ఆలస్యం అని తిట్టేవాళ్లు పార్లమెంటునీ కలిపి తిట్టండి.

గోంగూర పచ్చడి | ఉదయం 9:30

వాటికన్ బ్యాంకు గురించి ఎవరూ ఎత్తట్లేదేం? 1982 జూన్‌లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద శవమై వేలాడిన బ్యాంకర్ రొబెర్తో కాల్వి సంగతి? ఆయన నడిపిన అమ్‌బ్రోజియానో బ్యాంకు దివాలా తీస్తే వాటికన్ బ్యాంకు తర్వాత 20 కోట్ల డాలర్ల పైనే ఎందుకు కట్టింది? రోమ్‌లో ఒక గ్యాంగ్‌స్టర్‌ని ఏకంగా బసిలికాలో, అంటే పెద్ద చర్చిలో పూడ్చారు, దె పెదీస్ అని, 2012లో తవ్వి తీశారు. పటాలూ ఊరేగింపులూ చిల్లర విషయాలు. డబ్బు దగ్గరికి రండి.

పాత పేపర్ల కట్ట | ఉదయం 10:05

వస్తే అదొక్కటే ఐదొందల పోస్టులు అవుతుందండీ. అక్కడ ఉన్నది బ్యాంకర్లు, దొంగ సంతకాలు, అది దేశంలో ఏ బ్యాంకులోనైనా జరుగుతుంది. ఇక్కడ మాట్లాడుకునేది నమ్మకం గురించి. వేరే టాపిక్ ఓపెన్ చెయ్యండి, నేనూ వస్తా.

పలెర్మో రిటర్న్ | మధ్యాహ్నం 1:20

ఎవరైనా చెబుతారేమో అని చూస్తున్నా, చెప్పలేదు కాబట్టి నేనే. ఫాదర్ పీనో పుల్యీజి.

1993 మే 9న పోప్ జాన్ పాల్ సిసిలీలో అగ్రిజెంతో వచ్చారు. 37 ఏళ్లకే మాఫియా చంపేసిన జడ్జి రొజారియో లివతీనో అమ్మానాన్నల్ని కలిశారు ఆరోజు. పూజ అయ్యాక కాగితం వదిలేసి, వేలెత్తి, గట్టిగా అరిచారు: 'మారండి! ఒకరోజు దేవుడి తీర్పు వస్తుంది!' జూలై చివర్లో రోమ్‌లో రెండు చర్చిల దగ్గర బాంబులు పేలాయి. సెప్టెంబర్ 15న పలెర్మోలో బ్రంకాచ్చో పేట చర్చి ఫాదర్ పుల్యీజిని ఇంటి గుమ్మం ముందు తల వెనక కాల్చారు. ఆరోజు ఆయన 56వ పుట్టినరోజు.

నేను బ్రంకాచ్చోకి వెళ్లా. రైలు పట్టాలు పేటని రెండు ముక్కలు చేస్తాయి. ఏదో గొప్ప స్థలం ఉంటుందనుకుంటాం, మామూలు అపార్ట్‌మెంట్లు, బాల్కనీల్లో బట్టలు. ఆయన చెప్పులు కుట్టేవాడి కొడుకు, ఆ పేటలోనే పుట్టాడు. చేసింది ఏంటయ్యా అంటే పెద్ద విప్లవమేమీ లేదు. పిల్లలకి ఒక సెంటర్ పెట్టాడు. పేటకి మిడిల్ స్కూలు కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. పండగ చందా డాన్ల దగ్గర తీసుకోనన్నాడు. ఊరేగింపులో వాళ్లని ముందు నడవనివ్వలేదు. వీధిలో తిరిగే పిల్లలు ఆ సెంటర్‌కి పోతే మాఫియాకి రేపటి కుర్రాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

చంపినవాడు సాల్వతోరె గ్రిగోలి. తర్వాత వాడే కోర్టులో చెప్పాడు. వాళ్లని చూసి ఫాదర్ నవ్వాడట, 'మీరొస్తారని అనుకుంటూనే ఉన్నా' అన్నాడట. ఆ నవ్వు వాణ్ని వదల్లేదు.

ఆయన సమాధి ఇప్పుడు పలెర్మో పెద్ద గుడిలో ఉంది. నేను వెళ్లినరోజు ఒక ముసలావిడ సంచిలోంచి యాపిల్ తీసి మనవడికిచ్చి, ఆ రాతి మీద చెయ్యి వేయించింది.

కోర్టు పక్షి | మధ్యాహ్నం 2:10

ఆయన ధన్యత ప్రకటన (పునీతుడవ్వడానికి ముందు మెట్టు) ఫైలు ఒక లాయర్‌కి విందు భోజనం. 2013లో ఆయన్ని వేదసాక్షిగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడిగా, ధన్యుల్లో చేర్చారు. వేదసాక్షి అవ్వాలంటే చంపినవాడు విశ్వాసం మీద ద్వేషంతో చంపి ఉండాలి, రూలు. రోమ్ చక్రవర్తి చంపితే సరే. ఇక్కడ చంపించినవాడికీ చంపినవాడికీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) అయింది, ఇంట్లో పటాలున్నాయి, తమని తాము మంచి క్యాథలిక్కులం అనుకుంటారు. మరి విశ్వాసద్వేషం ఎక్కడ?

ఈ ప్రశ్న మీద ఏళ్లు నడిచింది. చివరికి తేల్చింది ఏంటంటే, వాళ్లు మొక్కేది అదే పటానికైనా ఆ నమ్మకం ఇది కాదు, సువార్తకి పూర్తి వ్యతిరేకం, అందుకే సువార్త ప్రకారం బతికినవాణ్ని సహించలేకపోయారు అని. లివతీనోకీ అదే లెక్క, 2021 మే 9న ధన్యుడయ్యాడు. తేదీ గమనించారా, పోప్ అరిచిన రోజే.

రుఫ్ఫీని కూడా మాఫియాకీ మతానికీ సంబంధం లేదనే అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత వీళ్లూ అదే అన్నారు. వాక్యం ఒకటే. ఒకడు కళ్లు మూసుకోడానికి అన్నాడు, ఇంకొకరు ఫైలు చదివి అన్నారు.

నాస్తికుడు నంబర్ 1 | మధ్యాహ్నం 2:31

ఇది బాగుంది లాయర్‌గారూ. పుల్యీజి గురించి నాకు తెలీదు, థాంక్స్ పలెర్మో బ్రో. నా వాషింగ్ మెషీన్ వెనక్కి తీసుకుంటున్నా, తాత్కాలికంగా.

ఇంకో సంగతి, మా పార్టీలాగే చర్చి అంటే పడని డాన్ కూడా ఒకడున్నాడు. మత్తేయో మెస్సీనా దెనారో, 30 ఏళ్లు దాక్కుని 2023 జనవరిలో దొరికి సెప్టెంబర్‌లో పోయాడు. నాకు చర్చి అంత్యక్రియలు వద్దు అని ముందే రాసిపెట్టుకున్నాడు. అయినా హత్యలేమీ తగ్గలేదు. కాబట్టి చర్చి లేకపోయినా ఆ పని ఆగదు, అది కూడా రికార్డులో ఉండనివ్వండి.

పాత పేపర్ల కట్ట | మధ్యాహ్నం 2:50

నిజాయితీకి మార్కులు. వాడు వద్దన్నాడు, అంతకుముందు సిసిలీలో ఇంకో పెద్ద డాన్ రీనా విషయంలో చర్చే వద్దంది. 2017 నవంబర్‌లో తొతో రీనా చనిపోతే బహిరంగ అంత్యక్రియలు కుదరవని పలెర్మో పక్కనున్న మోన్‌రియాలే ఆర్చిబిషప్ చెప్పేశాడు. ఇదే రీనాకి 1974లో పరారీలో ఉండగా పెళ్లి చేసింది ఒక ఫాదరే, అగొస్తీనో కొప్పోలా. వాడు మామూలు ఫాదర్ కాదు, మాఫియాతో కలిసి కిడ్నాపుల కేసుల్లో ఇరుక్కున్నవాడు. పెళ్లికి ఫాదర్ దొరికాడు, చావుకి గుడి దొరకలేదు. మధ్యలో 43 ఏళ్లు.

కృష్ణలంక కుర్రోడు | సాయంత్రం 4:05

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఒక డౌట్ మిగిలింది. డాన్‌ని గాడ్‌ఫాదర్ అనడం కూడా చర్చి నుంచే వచ్చిందా?

ఫిరంగిపురం అమ్మాయి | సాయంత్రం 5:20

అవును తమ్ముడూ, పద్రీనో అంటే జ్ఞానతండ్రి. బిడ్డకి జ్ఞానస్నానం ఇప్పించేటప్పుడు పక్కన నిలబడేవాడు. దాంతో రెండు కుటుంబాలకీ చుట్టరికం కలిసిపోతుంది. ఇక్కడ దక్షిణాన అది రక్తసంబంధం కన్నా గట్టిది, కొంపారే, అంటే అలా కలిసిన చుట్టం, అడిగితే కాదనలేరు. ఊళ్లో డాన్‌ని జ్ఞానతండ్రిగా అడిగితే బిడ్డకి జీవితాంతం రక్షణ, డాన్‌కి జీవితాంతం ఒక మనిషి. వాటాలు సమానం.

అందుకే మోన్‌రియాలేలో మాఫియా కేసుల్లో శిక్షపడ్డవాళ్లు జ్ఞానతండ్రులుగా పనికిరారని 2017లో ఆర్డరిచ్చారు. 2021లో కతానియా మేత్రాసనం అయితే మూడేళ్లు ఎవరికీ జ్ఞానతల్లిదండ్రులే వద్దని ఆపేసింది, మంచివాళ్లకీ చెడ్డవాళ్లకీ కలిపి. మా హాస్పిటల్‌లో కతానియా అమ్మాయి ఒకతె ఉంది. ఆ మూడేళ్లలోనే తనకి పాప పుట్టింది. వాళ్ల అక్కని నిలబెట్టాలని గౌను కూడా కొనుక్కున్నారు, కుదరలేదు. మేం ఏం చేశామని మాకీ శిక్ష, అని ఇప్పటికీ అంటుంది. నాకు జవాబు తోచదు.

వచ్చే నెల మా చెల్లెలి బాబుకి ఫిరంగిపురంలో జ్ఞానస్నానం, నేనే జ్ఞానతల్లిని. ఫాదర్ అందరి ముందూ అడుగుతారు, సాతానునీ వాడి పనులన్నిటినీ విడిచిపెడుతున్నారా అని. గట్టిగా వినపడేట్టు అవును అనాలి. ఈ టాపిక్ చదివాక ఆ ప్రశ్న ఒకటే చెవిలో తిరుగుతోంది, ఎందుకంటే అక్కడ ఆ డాన్లు కూడా కోటు గుండీ పెట్టుకుని, కొవ్వొత్తి పట్టుకుని, అదే మాట అంతే గట్టిగా అని ఉంటారు. టికెట్లు రేట్లు చూడాలి, ఎవరన్నా మిలాన్ నుంచి హైదరాబాద్ తక్కువలో వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

పలెర్మో రిటర్న్ | సాయంత్రం 5:34

దోహా మీదుగా చూడక్కా, కాస్త తగ్గొచ్చు.